వదులు సూది

షోటో, మోంటానా
జులై 9, 1994

బావా,

చలికాలం పోయాక నీకు ఒక్క ముక్క కూడా రాయలేదని ముక్కు మీద కోపంతో కూర్చుని ఉంటావు. ఫోన్ చేద్దామంటే నీ చెవుల్లో తేనెటీగలే తప్ప మనుషులు వినపడరాయె. జీవితమంతా చెవిలో దూది కూడా పెట్టుకోకుండా తుపాకులు కాల్చినందుకు ఫలితం అది. కాబట్టి తిట్లేమన్నా ఉంటే కాగితం మీదే పంపించు, తీరిగ్గా చదువుకుంటాను.

నా మోకాలి ఆపరేషన్ బాగానే జరిగింది. కొండ ఎక్కడం పర్వాలేదు, దిగేటప్పుడే దేవుడు గుర్తొస్తాడు. అందుకని ఈసారి ఎల్క్ దుప్పుల వేటకి మీ చెల్లెలు ముందు నడుస్తానంటోంది. మంచులో దారి తొక్కేది థోరా, వెనకాల కుంటుకుంటూ వచ్చేది నేను. ఊళ్ళో వాళ్ళు నవ్వుతారేమో అన్నాను. 'ఎప్పుడు నవ్వలేదు గనక!' అంది.

అసలు సంగతికి వస్తాను. నువ్వు సామన్ వెళ్ళిపోతూ తూటాలు నింపే పెద్ద ప్రెస్సు నాకు అప్పగించి, చిన్నది నీతో తీసుకెళ్ళావు కదా. ఇన్నేళ్ళూ మా ఇంటి తూటాలన్నీ నీ చేతి మీదుగా వచ్చినవే. ఇక ఆ పని నాది. ఇత్తడి గొట్టాలు కడిగి ఆరబెట్టాను, తుపాకీ మందు ఉంది, గుళ్ళు ఉన్నాయి. లేనివల్లా ప్రైమర్లు, తూటా అడుగున కూర్చుని మందుకి నిప్పు రాజేసే ఆ బుల్లి రేకు మూతలు. పెర్రీ కొట్లో అర మొత్తం ఖాళీ. కొత్త చట్టం వస్తుందని ఎవరో పుకారు లేపారు, జనం దొరికిందల్లా కొనేసి మంచాల కింద దాచుకున్నారు.

మా నాన్న మిలిటరీ రైఫిల్‌కి గట్టి ప్రైమర్లే వాడాలని నువ్వు ఎప్పుడూ సతాయించేవాడివి. ఎందుకో ఒక్కసారి కూడా చెప్పలేదు. రంధ్రంలో సరిగ్గా పట్టిందంటే చాలదా? ఎందుకడుగుతున్నానంటే, మొన్న శనివారం ముసలి హాబర్ట్ పెళ్ళాం ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్ముతోంది. పాపం, అతను పోయాక షెడ్డు ఖాళీ చేస్తోంది. అందులో ఊరగాయ సీసా నిండా ప్రైమర్లు! థోరా చేసిన హకుల్‌బెర్రీ జామ్ ఒక సీసా ఇచ్చి, ఈ సీసా తెచ్చుకున్నాను. సీసాకి సీసా చెల్లు.

ఎలా ఉంది మీ బామ్మర్ది తెలివి?

నీ డెల్

---

సామన్, ఐడహో
జులై 15

ఒరే డెల్,

నీ తెలివి సంగతి తర్వాత. ముందు ఆ సీసా ఇంట్లోంచి బయట పెట్టు. ఈ కాగితం కింద పెట్టి, వెళ్ళి, పెట్టి వచ్చి మిగతాది చదువు.

పెట్టావా? సరే. ప్రైమర్లను కంపెనీ వాడు ఒక్కొక్కటీ విడివిడిగా గుంటల్లో కూర్చోబెట్టి ట్రేలో ఎందుకు పంపుతాడనుకున్నావు, అందానికా? ఒకదానికొకటి తగిలేలా గాజు సీసాలో పోస్తే ఒకటి పేలితే అన్నీ పేలతాయి. గాజుముక్కలు ఎటు పోతాయో నేను చెప్పక్కర్లేదు. హాబర్ట్ పక్కమీద కన్నుమూశాడంటే అతని అదృష్టం. దాన్ని కుదపకుండా మన ఊరి ఫైర్ స్టేషన్ వాళ్ళకి అప్పగించు. వాళ్ళు నవ్వితే నవ్వనీ.

ఇక గట్టివి ఎందుకో చెబుతాను. ఇన్నేళ్ళూ చెప్పలేదంటే నువ్వు వినవని. నా బోల్టు రైఫిల్లో ప్రైమర్‌ని కొట్టే సూది వెనకాల స్ప్రింగు పట్టుకుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే తప్ప సూది కదలదు. మీ నాన్న రైఫిల్ అలా కాదు. దాని సూది వదులు. పట్టుకుని ఊపి చూడు, లోపల గలగలమంటుంది, నాకు వినపడదు గానీ నీకు వినపడుతుంది. తూటా వెనకాల తలుపులాంటి బోల్టు దూకి మూసుకున్న ప్రతిసారీ ఆ సూది ముందుకు జారి ప్రైమర్‌ని ఒకసారి ముద్దు పెట్టుకుంటుంది. ప్రైమర్ రేకు గట్టిదైతే ఆ ముద్దుకు చలించదు. మెత్తదైతే, పదిసార్లు ఊరుకున్నా పదకొండోసారి, ట్రిగ్గర్ మీద వేలు లేకుండానే, తుపాకీ అటు ఎవరున్నారో చూడకుండానే పేలుతుంది. పందేల్లో గురికి కాల్చేవాళ్ళు వాడే ప్రైమర్లు అన్నిటికంటే మెత్తవి. చూడటానికి రెండూ ఒకటే. పెట్టె మీద రాసింది తప్ప వేరే ఆనవాలు లేదు.

అందుకే మన పద్ధతి. నింపేటప్పుడు బల్ల మీద ఒక్క పెట్టే ఉండాలి. ఒక పెట్టెలోవి ఇంకో పెట్టెలో పెట్టకూడదు. కొత్తగా నింపిన తూటా మొదటిసారి ఎక్కించేటప్పుడు తుపాకీ గొట్టం నేలకి ఆనేంత దించి బోల్టు వదలాలి, కాల్చకుండా తీసి ప్రైమర్ మీద నొక్కు చూడాలి. గుండుసూది మొన పెట్టినంత ఉంటే సరే. పప్పుబద్ద పట్టేంత ఉంటే ఆ తూటాలన్నీ విప్పేయాలి.

థోరా నీ ముందు నడుస్తానందని రాశావు. ఆ వాక్యం నేను మళ్ళీ మళ్ళీ చదివాను. అది మా అమ్మకి మిగిలిన ఒక్క ఆడపిల్ల. నువ్వు ఆ రైఫిల్ పట్టుకుని దాని వెనకాల ఉంటావన్నది గుర్తుంచుకో.

ఇక్కడ అంతా మామూలే. మొన్న నా షెడ్డులో అర ఊడిపడి ప్రైమర్ల పెట్టెలన్నీ నేలపాలయ్యాయి, ట్రేలు బయటికి జారాయి. అన్నీ ఏరి సర్దేసరికి నడుము పట్టుకుపోయింది.

ఆరిన్

---

షోటో
ఆగస్టు 3

బావగారి పాదపద్మాలకు,

నీ ఉత్తరం చదివి థోరా ఆ సీసాని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తనే ఫైర్ స్టేషన్‌కి తీసుకెళ్ళింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. వాళ్ళు నవ్వలేదు బావా. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్రాడి ముఖం పాలిపోయింది. సీసాని ఇసుక బకెట్లో పెట్టుకుని వెళ్ళాడు. ఇంట్లో ఇప్పుడు ఒక్కటంటే ఒక్కటి కూడా మిగల్లేదని మీ చెల్లెలే సాక్షి.

కానీ ఒక మాట అడగనా? నువ్వు నాకు ఎప్పుడూ ఇలాగే చెప్తావు, బడిలో చివరి బెంచీవాడికి చెప్పినట్టు. నాకు అరవై దాటాయి. నా చేతులతో నేను నింపిన తూటాతో ఒక్క ఎల్క్‌ని కొట్టాలని నాకూ ఉంటుంది కదా. ఆ నేలకి గొట్టం దించడం ఒకటి, మీ వంశాచారం! మా ఇంట్లో దాన్ని 'బావగారి దణ్ణం' అంటున్నాం. వేటకి వెళ్ళి ఎల్క్ ముందు నిలబడి నేలకి దణ్ణం పెడుతుంటే అది ఆశీర్వదించి వెళ్ళిపోదూ?

సరే, ఆటపట్టించాను, కోప్పడకు. గట్టివి ఎక్కడా దొరకడం లేదు. గ్రేట్ ఫాల్స్ దాకా వెళ్ళి వచ్చాను. నీ దగ్గరేమైనా ఉన్నాయా? లేకపోతే ఈ ఏడు నాన్న రైఫిల్ గోడకే ఉంటుంది. అది గోడకి ఉండటం ఆయన పోయాక ఇదే మొదటిసారి అవుతుంది. అది తల్చుకుంటే నాకు ఏడుపొస్తోంది, నవ్వకు.

డెల్

అన్నయ్యా, నేను థోరాని. నీ అక్షరాలు గీత దాటి కిందికి జారిపోతున్నాయి, ఒక లైను మీద ఇంకో లైను రాశావు. కళ్ళు చూపించుకున్నావా? నిజం చెప్పు.

---

సామన్
ఆగస్టు 12

డెల్, థోరా,

ముందు థోరాకి. పెన్ను చెడ్డది. అంతే. నా కళ్ళ మీద పడకు.

డెల్, నీ ఉత్తరం చదివి నవ్వలేదు. మీ నాన్న ఆ రైఫిల్‌కి నూనె రాస్తూ మన ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టుకున్న రోజులు నాకూ గుర్తే. దాన్ని గోడకి వదిలేయనక్కర్లేదు. నా దగ్గర గట్టి ప్రైమర్లు ఒక పెట్టె ఉన్నాయి, పాత సరుకు, మంచివి. నాకు అవసరం లేదు. నా బోల్టు రైఫిల్‌కి నేను వాడేవి మెత్తవి, అవి వేరే పెట్టెలో ఉన్నాయి.

ప్రైమర్లు పోస్టులో పంపకూడదు, పంపితే జైలు. గుర్రాల వ్యాపారి గస్ వచ్చే నెల మీ వైపు వస్తున్నాడు, అతని చేతికి ఇస్తాను. పెట్టె మీద నేనే పెద్దక్షరాలతో 'గట్టివి' అని రాసి దారం కట్టాను. ఇంకెవరి దగ్గరా తీసుకోకు. ఇవి మాత్రమే వాడు.

నిన్ను చివరి బెంచీవాడిలా చూస్తున్నానన్నావు. కాదు. నువ్వు వెనక నడిచే మనిషివని చూస్తున్నాను. ఆ దణ్ణాన్ని ఎంతైనా వెక్కిరించు, పెట్టడం మాత్రం మానకు.

ఆరిన్

---

షోటో
సెప్టెంబరు 20

బావా,

గస్ వచ్చాడు, పెట్టె ఇచ్చాడు, మా కాఫీ అంతా తాగేసి వెళ్ళాడు. పెట్టె మీద నీ రాత చూసి థోరా 'ఇంత పెద్దక్షరాలు రాశాడేమిటి' అంది. నాలాంటి గుడ్డివాడికి కూడా కనపడాలనిలే అన్నాను.

అతను వెళ్ళిన రాత్రే భోజనాలయ్యాక కూర్చుని నింపాను. బల్ల మీద ఒక్క పెట్టే. ప్రతి గొట్టం తుడిచి, ప్రతి ప్రైమర్ వేలితో తడిమి చూసుకుని అడుక్కంటా దించాను. థోరా ఎదురుగా కూర్చుని ఊలు అల్లుతూ 'మా అన్నయ్య చూస్తే మురిసిపోతాడు' అంది. ఆ మాటకి ఇంకో గొట్టం తీసి రెండుసార్లు తుడిచాను.

మొన్న ఆదివారం కంకర గొయ్యి దగ్గర కొన్ని కాల్చి చూశాను. అన్నీ నిక్షేపంగా పేలాయి, అన్నీ గురి మీదే. ఇక దిగులు పెట్టుకోకు.

నీ డెల్

---

సామన్
సెప్టెంబరు 28

డెల్,

పేలాయని రాశావు. నొక్కు చూడమన్నాను, చూశావా? అది రాయలేదు. పేలినదాని మీద నొక్కు తెలియదు, కాల్చకుండా తీసినదాని మీద చూడాలి. ఒక్క తూటా తీసి చూసి రెండు ముక్కలు రాయి.

ఆరిన్

---

సామన్
అక్టోబరు 20

డెల్,

ఈ ఉత్తరం ఖాళీ ఇంటికి వస్తుందని తెలిసే రాస్తున్నాను. ఒకవేళ మీరు వెళ్ళి ఉండకపోతే, ఒకవేళ మంచు పడి ఆగి ఉంటే, ముందు ఇది చదువు: నేను పంపిన ప్రైమర్లతో నింపిన తూటాలు ఒక్కటి కూడా ఆ రైఫిల్లో పెట్టకు.

నిన్న పొద్దున లేడి కోసం నది ఒడ్డుకి వెళ్ళాను. ట్రిగ్గర్ నొక్కితే భుజం మీద దెబ్బ లేదు. తీసి ఇంకోటి పెట్టాను. అదీ అంతే. నా రైఫిల్ స్ప్రింగు ముసలిది, గట్టి రేకుని చలిలో పగలగొట్టలేదు. మెత్తవాటిని మాత్రం ఏనాడూ వదల్లేదు. నేను నింపింది మెత్తవాటి పెట్టెలోంచి. మంచులో నిలబడి ఆ రెండు తూటాలు అరచేతిలో పెట్టుకుని ఆలోచించాను. మెత్తవాటి పెట్టెలో ఉన్నవి గట్టివైతే, గట్టివని నీకు పంపిన పెట్టెలో ఉన్నవి ఏమిటి?

జులైలో అర ఊడిపడినప్పుడు ట్రేలు తారుమారుగా సర్దాను. నాకు కనపడలేదు డెల్. రెండేళ్ళుగా కళ్ళలో పొర. పెద్దక్షరాలు తప్ప చదవలేను, నీ ఉత్తరాలు కూడా భూతద్దం పెట్టే చదివాను. డాక్టరు వసంతంలో కోస్తానన్నాడు. థోరా అడిగితే పెన్ను మీదికి తోశాను. నీకు అన్ని పాఠాలు చెప్పి, ఏ ట్రే ఏ పెట్టెదో చూడలేనివాణ్ణి చూడగలననుకున్నాను.

పక్కింటి విల్మా చేత మీ ఇంటికి ఫోన్ చేయించాను, మోగుతూనే ఉందట. పెర్రీ కొట్టుకి చేస్తే మీరు కంచర గాడిదలతో కొండెక్కేశారని, ఏ వాగు వెంట వెళ్ళారో తెలియదని అన్నాడట. రేంజర్ల ఆఫీసుకి కూడా చేయించాను. మనిషిని పంపి వెతికిస్తామన్నారు. విల్మా మొగుడు నన్ను ట్రక్కులో ఎక్కించుకుని బయల్దేరాడు, కనుమ దగ్గర మంచని పోలీసులు వెనక్కి తిప్పేశారు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని విల్మా పెదాలు చూస్తున్నాను. ఆమె ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ తల అడ్డంగా ఊపుతోంది.

ఎక్కడున్నా ఆ గొట్టం థోరా వైపు ఉంచకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఆరిన్

---

కొండమీద, గుడారంలో
అక్టోబరు 22, సాయంత్రం

బావా,

కిందికి దిగే గాడిదలవాడు ఉత్తరం ఉంటే ఇమ్మన్నాడు, అందుకని పొయ్యి వెలుగులో గబగబా రాస్తున్నాను. రేపటి నుంచి వేట. మంచు మోకాలి దాకా ఉంది. అవతలి గట్టు మీద మంద ఉందని థోరా సాయంత్రమే చూసి వచ్చింది. ఇప్పుడు బీన్సు, ఎండుమాంసం ఉడుకుతున్నాయి, నీ చెల్లెలు ఉప్పు మర్చిపోయింది, తిట్టడానికి నాకు ధైర్యం లేదు.

నీ చిన్న ఉత్తరం ఎక్కడెక్కడో తిరిగి సరిగ్గా బయల్దేరే రోజు చేతికందింది. నొక్కు చూశావా అని అడిగావు. నిజం చెప్తున్నా, చూడలేదు. నువ్వు కోప్పడతావు గానీ నా మాట విను. పెర్రీ దగ్గర కొన్నవైతే చూసేవాణ్ణి. ఇవి నువ్వు పంపినవి. నీ చేత్తో రాసి, దారం కట్టి, నాకోసం నీ అరలోంచి తీసి ఇచ్చినవి. వాటికి కూడా పరీక్ష పెడితే నీ ముఖం మీదే 'నమ్మకం లేదు' అన్నట్టు కదా. అది నా వల్ల కాలేదు.

మొత్తానికి నిన్ను ఎన్ని మాటలన్నా, నువ్వు పట్టించుకోకపోతే నేను ఆ సీసాలోవే వాడేవాణ్ణి. ఆ సంగతి థోరాతో రోజూ చెప్తున్నాను. రేపు ఎల్క్ పడితే వెన్నుమాంసం నీదే.

పొద్దున థోరా ముందు, నేను వెనక.

నీ డెల్

---

గ్రేట్ ఫాల్స్
నవంబరు 2

అన్నయ్యా,

డెల్ బతికే ఉన్నాడు. అది ముందు రాస్తున్నాను.

ఆదివారం తెల్లవారుతుండగా గట్టు ఎక్కాం. మంద ఎదుటే ఉంది. నేను మంచులో మోకాళ్ళ మీద కూర్చుని దుర్భిణితో చూస్తున్నాను. డెల్ నా వెనకే ఉన్నాడు. తూటా చేత్తో పెడుతున్న చప్పుడు విన్నాను. 'థోరా, నీ అన్న దణ్ణం పెడుతున్నా, నవ్వకు' అని గుసగుసగా అన్నాడు. నేను నవ్వాను. అంతలోనే పేలింది.

ట్రిగ్గర్ మీద వేలు లేదంటాడు. నేను నమ్ముతున్నాను. అప్పటిదాకా గొట్టం నా వీపు వైపే ఉందట. బోల్టు వదలబోయే ముందే కిందికి దించాడు. నాకు తగలాల్సింది అతని పాదంలో దిగింది. బెల్టు బిగించి కట్టి, గాడిద మీద వేసుకుని నేనొక్కదాన్నే దింపుకొచ్చాను. వాగు దగ్గర రేంజర్ ఎదురయ్యాడు. గుర్రం దిగుతూనే అతనన్న మొదటి మాట, 'ఆ తూటాలు వాడొద్దని మీ అన్నయ్య కబురు.' అప్పటికి డెల్‌కి స్పృహ లేదు. అతనేమీ వినలేదు.

చీలమండ పైదాకా తీసేశారు.

ఆ తర్వాత ఇంటికెళ్ళి బట్టలు తెస్తుంటే నీ ఉత్తరం డబ్బాలో ఉంది. వాకిట్లోనే నిలబడి చదివాను. కళ్ళ సంగతి నాకు తెలుసు అన్నయ్యా. తెలిసి అడిగాను. నువ్వు పెన్ను అన్నావు, నేను ఊరుకున్నాను. ఆ ఊరుకున్నందుకు నన్ను నేను క్షమించుకోవడం లేదు, నిన్ను ఎలా క్షమించాలో కూడా ఇంకా తెలియడం లేదు.

డెల్ ఏమంటున్నాడో విను. చూడటానికి వచ్చిన ప్రతివాడికీ ఒకటే కథ. 'హాబర్ట్ సీసాలోవి ఏ మూలో రెండు మూడు ఉండిపోయి కలిసిపోయాయి. మా బావ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. ఒళ్ళు బలిసి నేనే వినలేదు. ఆయన పంపినవి బంగారం.' నర్సుకి చెప్పాడు, పెర్రీకి చెప్పాడు, పాస్టరుకి చెప్పాడు. ఆ సీసా చివరి ప్రైమర్‌తో సహా నా చేతుల మీదుగానే పోయింది. నాకు తెలుసు. పక్కన కూర్చుని తల ఊపుతున్నాను. ఇక ఊపలేను.

నీ ఉత్తరం అతనికి చూపించలేదు. ఇందులో పెట్టి నీకే తిప్పి పంపుతున్నాను. బస్సు ఈ ఊరిదాకా వస్తుంది, స్టేషన్‌కి నేను వస్తాను. అతని మంచం పక్కన కూర్చుని నువ్వే చదివి వినిపించు. అక్షరాలు కనపడకపోతే నేను పెద్దక్షరాలతో తిరగరాసి చేతికిస్తాను.

అతనేమంటాడో నీకు ఎలాగూ వినపడదు. అందుకని దగ్గరగా జరిగి కూర్చుని, చదవడం అయ్యేదాకా అతని ముఖమే చూడు.

థోరా